మూయకుండా వదిలిన మలుపు

ఎద్దుబండి లారీ కంటే పెద్దదని నమ్మాల్సిన ఉద్యోగం నాది. డెబ్బైల చివర్లో రోడ్ల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఇన్‌స్పెక్టరు అనే మాట విని తిరుపతిలో మా వదిన పక్కింటివాళ్లకు పోలీసు ఉద్యోగమని చెప్పుకుంది. నిజానికి నా పని తారు డ్రమ్ములు లెక్కపెట్టడం, కంకర కుప్పలు కొలవడం, కూలీలు నీడకు పోతే కేకేయడం. ఏడాదికి రెండుసార్లు మాత్రం వేరే పని పడేది. రోడ్డు పక్కన తాటాకు పందిరి కింద కూర్చుని, వచ్చే బండికీ పోయే బండికీ కాగితం మీద ఒక్కో గీత గీయాలి. నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత, మళ్లీ నాలుగు. అలా వారం రోజులు.

గీతలన్నీ కూడాక ఒక్కో రకం బండిని ఒక్కో అంకెతో హెచ్చవేసేవాళ్లం. కారుకు ఒకటి. లారీకి అంతకంటే ఎక్కువ. ఎద్దుబండికి లారీని మించిన అంకె. ఇదేం న్యాయమని మొదట్లో నవ్వుకున్నాను. నెమ్మదిగా పోయే బండి వెనక మిగతావన్నీ ఆగిపోతాయి గనక రోడ్డును ఎక్కువగా వాడుకునేది అదేనట. మా ఇంజనీరు ఈ సంగతి చెప్పి, అర్థమైందా అని అడిగాడు. అయిందన్నాను. అసలు అర్థమయ్యేసరికి చాలా ఏళ్లు పట్టింది.

నాకు లెక్క పడింది పుత్తూరు నుంచి నగరికి పోయే రోడ్డులో, చెరుకు గానుగాడే కాలంలో. నగరి వైపున్న చక్కెర ఫ్యాక్టరీకి చుట్టుపక్కల పల్లెల నుంచి చెరుకు బండ్లు బారులు తీరి పోయేవి. నా పందిరి వేసిన చోట రోడ్డు తిన్నగా ఉండేది కాదు. ఎదురుగా ఒక వంక, అంటే చిన్న వాగు, ఉంది, వానాకాలంలో బురద మడుగయ్యేది. దాన్ని తప్పించుకోవడానికి పాతకాలం వాళ్లు రోడ్డును పక్కకు లాగి, విల్లులా వంచి, వంక సన్నబడే చోట దాటించి, మళ్లీ అవతల తిన్న దారికి కలిపారు. నగరి నుంచి వచ్చేవాళ్లకు ఆ వంపు కుడి చేతి వైపు తిరుగుతుంది. వంపు మొదట్లోనే వంద అడుగుల దూరంలో పశువులు నీళ్లు తాగే రాతి తొట్టి ఒకటి ఉంది. కార్వేటినగరం జమీందారీ నాటిదని చెప్పేవాళ్లు. పక్క బావి నుంచి దాన్ని ఎవరో ఒకరు నింపుతూనే ఉండేవారు.

పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నా వంతు. తర్వాత ఇంకొకడు వచ్చి కాగితాలు అందుకునేవాడు, నేను సైకిలెక్కి పుత్తూరులో రైసుమిల్లు మీదున్న నా గదికి పోయేవాణ్ణి. పన్నెండు గంటలు ఎవరితోనూ మాట లేదు. లారీలవాళ్లకు నేను కనబడనే కనబడను. బస్సు డ్రైవర్లు మాత్రం నన్ను చూసి, ఎవడో బస్సు కోసం నిలబడ్డాడనుకుని వేగం తగ్గించేవారు. నేను చెయ్యూపి పొమ్మనేవాణ్ణి. మూడో రోజుకు ఆ చెయ్యూపడం కోసమే ఎదురుచూడటం మొదలుపెట్టాను. అప్పటికి నాకు పాతికేళ్లు దాటాయి. తల్లిదండ్రులు లేరు. తిరుపతిలో అన్న ఇంటికి నెలకోసారి వెళితే వదిన చాలా మర్యాదగా చూసేది. ఆ మర్యాదకు తట్టుకోలేక సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేసేవాణ్ణి.

ఆ మూడో రోజు మధ్యాహ్నం ఒక ఖాళీ బండి ఫ్యాక్టరీ నుంచి వెనక్కి వస్తూ తొట్టి దగ్గర ఆగింది. ఎవరూ ఆపలేదు, ఎద్దులే ఆగాయి. తోలే ఆయనకు నలభై అయిదుంటాయి. వెనక ఆయన భార్య కూర్చుని ఏదో చెబుతూనే ఉంది. రాత్రంతా ఫ్యాక్టరీ ముందు వరసలో కాచుకుని, చెరుకు తూకం వేయించి వస్తున్నారని తర్వాత తెలిసింది. ఆయన దిగి నా పందిరి దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నిన్న పోయేటప్పుడూ సూసినా, ఇప్పుడూ సూస్తా ఉండా. గీతలు గీస్తానే ఉండావు. రోడ్డుకు జాతకం రాస్తా ఉండావా?"

"పోయే బండ్లు లెక్క పెడతా ఉండానన్నా."

"మా బండి గూడా రాసినావా?"

"రాసినా. మా లెక్కలో నీ బండి లారీ కంటే పెద్దది."

ఆయన నా మొహం కేసి కాసేపు చూశాడు, ఎగతాళి చేస్తున్నానేమోనని. కాదని తేలాక బండి వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "ఇన్నావా మే, మన బండి లారీ కంటే పెద్దదంట!"

ఆమె నవ్వలేదు. "అట్లయితే లారీవోళ్లను పక్కకు తప్పుకోమని చెప్పు సారూ. హారన్లు కొట్టి సంపతా ఉండారు," అంది.

ఆ వారంలో వాళ్లను ఇంకో రెండుసార్లు చూశాను. రెండోసారి ఆమె ఒక గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. రాగి సంగటి ముద్ద, నంజుకోను ఊరిబిండి పచ్చడి. "హోటలు కూడు తింటే ఇట్లే పుల్లమాదిరి అయిపోతావు నాయనా," అంది. తలవంచుకుని తిన్నాను. కళ్లలో నీళ్లు వస్తే ఊరిబిండి కారం మీదికి నెట్టాను. లెక్క అయిపోయాక కూడా ఆ రోడ్డు మీదే నా పని గనక, చెరుకు కాలం వస్తే వాళ్ల బండి కోసం చూసేవాణ్ణి. ఆయన్ను అన్నా అనేవాణ్ణి, ఆమెను అక్కా అనేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో ఆమె నోరు మూసేది కాదు. ఇరుగుపొరుగు సంగతులు, కూతురి పెళ్లి సంగతులు, చెప్పిందే మళ్లీ చెప్పేది. ఎందుకక్కా అంత మాట్లాడతావని ఒకసారి అడిగాను.

"నేను నోరు మూస్తే ఈ మనిసి గురక పెడతాడు," అంది. "ఎద్దులకు దోవ తెలుసులే అంటాడు. తెలిస్తే మాత్రం?"

ఎద్దులకు నిజంగానే తెలుసు. పదేళ్లుగా అదే దారి, అదే వంపు, అదే తొట్టి. పగ్గం కదపనక్కరలేదు.

మేము రాసిన లెక్కలో ఎద్దుబండ్ల దెబ్బకు ఆ రోడ్డు అంకె ఆకాశానికంటింది. మా ఇంజనీరు సంబరపడ్డాడు. ఇంత రద్దీ ఉన్న రోడ్డును వెడల్పు చేయక తప్పదని, వంపు తీసేసి వంక మీద కల్వర్టు కట్టి తిన్నగా వేయాలని రాసి పంపాడు. వంపులో లారీలు పడుతున్న మాట కూడా నిజమే. బరువెక్కించిన లారీ మెల్లగా తిరగబోయి ఒక పక్కకు ఒరిగేది, మూటలు జారేవి, డ్రైవరు దుమ్ము దులుపుకుంటూ బయటికి వచ్చేవాడు. మలుపు ఉన్నంత కాలం లారీలు పడేవి, మనుషులు లేచేవారు. అలాంటివి పడ్డప్పుడల్లా నేను ఫారం నింపి పంపాను. అవన్నీ జతచేసే మంజూరు తెప్పించారు. నా చేతి గీతలతో ఒక రోడ్డు పుడుతోందని అప్పట్లో నాకు గర్వంగానే ఉండేది.

పని ఏడాదిన్నర సాగింది. కొత్త రోడ్డు గట్టు మీద, నున్నగా, నల్లగా, ఈ చివర నిలబడితే ఆ చివర బస్సు బొట్టంత కనబడేలా తయారైంది. చివరగా ఒక చిన్న పని మిగిలింది. పాత వంపు రెండు చివర్లూ తవ్వి, మట్టి కట్ట పోసి, ఎవరూ పొరపాటున అటు తిరగకుండా మూసేయాలి. ప్లానులో అది ఉంది. ఆ పని నాకు అప్పగించారు.

అవతలి చివర మూయించి ఇవతలికి వచ్చేసరికి మా బండి అన్న అక్కడ కాచుకుని ఉన్నాడు. తొట్టి పక్కనే ఆయనకు అర ఎకరం మెట్ట ఉంది, అందులో ఒక కొట్టం.

"దీన్ని మూస్తే పశువులు నీళ్లకు యాడికి పోవాలప్పా?" అన్నాడు. "తొట్టి ఈడనే ఉండాది గదా. గట్టు దిగేదానికి ఇంకో దోవ లేదే. నీ కాలు మొక్కుతా, ఈ పక్క మాత్రం వదిలేయి."

కాలు మొక్కుతానన్న మాట నాకు నచ్చలేదు. ఆయన నన్ను అలా అడగాల్సిన అవసరం లేదు. ఆ జిల్లా మొత్తం మీద నన్ను పలకరించే మనిషి ఆయన ఒక్కడే. ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను. కట్టకని తోలించిన మట్టిని రోడ్డు అంచులకు సర్దించాను. పుస్తకంలో మాత్రం రెండు చివర్లూ మూసినట్టు రాసి సంతకం పెట్టాను. ఆ సాయంత్రం అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, ఒక మంచి పని చేశానన్న తృప్తితో గదికి పోయాను.

కొత్త రోడ్డు మీద మొదటి చెరుకు కాలం వచ్చింది. రోడ్డు చప్పుడే మారిపోయింది. ఇదివరకు లారీ వంపు దగ్గరికి రాగానే గేరు మార్చుకుంటూ మూలిగేది. ముందు నాలుగు బండ్లు ఉంటే ఎంతటి మొనగాడైనా వాటి వెనక నడవాల్సిందే. ఇప్పుడు మూలుగు లేదు. దూరంగా ఒక ఈల లాంటి చప్పుడు, అంతలోనే పక్కన గాలి కొట్టేది, పైపంచె ఎగిరిపోయేది. ఫ్యాక్టరీ వాళ్లు చేల దగ్గరికే లారీలూ ట్రాక్టర్లూ పంపడం మొదలుపెట్టారు. బండ్లు పలచబడ్డాయి. బండ్ల పేరు చెప్పి వేసిన రోడ్డు మీద బండ్లకు చోటు లేకుండా పోయింది. రోడ్డు ఖాళీగా కనబడేకొద్దీ డ్రైవర్లకు అది తమ సొంతమనిపించేది. రద్దీ తగ్గితే ప్రమాదాలూ తగ్గుతాయని మా ఆఫీసులో అందరం అనుకున్నాం, నేనూ అనుకున్నాను. ఆ బండ్లు రోడ్డుకు అడ్డం కాదు, రోడ్డుకు పగ్గం. ఆ సంగతి మాకు తట్టలేదు.

అన్న మాత్రం మొండివాడు. లారీకి ఇస్తే గడలు విరుగుతాయని బండిలోనే తోలుకుపోయేవాడు. ఆ ఏడు మాత్రం తిరిగి వచ్చేటప్పుడు తొట్టి దగ్గర ఆపేవాడు కాదు. కొత్త రోడ్డు దాటడం ప్రమాదమని పగ్గం బిగించి తిన్నగా ఊరికే పోనిచ్చేవాడు. నాతో వదిలించిన దోవ సాయంత్రాలు పశువులకే పనికొచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, నేను మూడు మైళ్ల అవతల గుంటలు పూడ్పిస్తుంటే, సైకిలు మీద పోతున్న మనిషి ఆగి, "పాత తొట్టి కాడ లారీ ఎద్దులబండిని కొట్టేసింది సార్," అన్నాడు. ఎవరి బండి అని నేను అడగలేదు. సైకిలు తీసుకుని పోయాను.

అక్క అప్పటికే లేదు. ఎవరో పైన దుప్పటి కప్పారు. ఒక ఎద్దు రోడ్డు మీదే చచ్చిపడి ఉంది. రెండోదాని పగ్గం పట్టుకుని అన్న తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఒకటి వంకరగా వేలాడుతోంది, ఆ ధ్యాస కూడా ఆయనకు లేదు. "నిద్రపోయినానప్పా," అన్నాడు నన్ను చూసి. "రెండు రాత్రులు వరసలో నిలబెట్టినారు. దానికి జొరం. పడుకోమే, నేను సూసుకుంటా అని చెప్పినా. నిద్రపోయినా." ఎవరు వచ్చినా ఆయన అదే చెబుతున్నాడు. లారీ డ్రైవరు తమిళుడు, కుర్రాడు, రోడ్డు పక్కన కూలబడి ఏడుస్తున్నాడు. "తిడీర్ను తిరుంబిట్టాన్ సార్," అంటున్నాడు. ఉన్నట్టుండి తిరిగాడని.

నేను రోడ్డు అంచున చక్రాల గుర్తులు చూశాను. అది ఉన్నట్టుండి తిరిగిన తిరుగుడు కాదు. ఎడమ పక్క నుంచి మెల్లగా, చక్కగా, పదేళ్లుగా ఎలా తిరిగేదో అలాగే, కుడి పక్కనున్న పాత దోవ కేసి వంపు తీసుకున్న గుర్తులు. పగ్గం వదులు కాగానే ఎద్దులు వాటికి తెలిసిన దారిలోకి తిరిగాయి. ఆ దారి మొదట్లో నడుమెత్తు మట్టి కట్ట ఉండుంటే, తవ్విన గుంట ఉండుంటే, అవి తిరిగేవే కావు. అక్కడ గుమిగూడిన అంతమందిలో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

ఆ సాయంత్రం ఫారం నింపాను. మా ఫారంలో ప్రమాద కారణం అనే గడి ఉండేది. తోలేవాడి తప్పా, బండి తప్పా, వానా మంచూ లాంటివా అని దాని కింద అచ్చువేసి ఉండేది. రోడ్డు తప్పు అనే మాట అచ్చులో లేదు. లేకపోతే నేను రాయలేనా? రాయగలను. రాస్తే, మూసినట్టు సంతకం పెట్టావు కదయ్యా అని అడుగుతారు. ఉద్యోగం పోతుంది. "బండి తోలే మనిషి నిద్రలో ఉండి బండిని రోడ్డుకు అడ్డంగా పోనిచ్చినందున" అని రాసి, ఒక నకలు పోలీసులకు పంపాను. ఆయనే చెబుతున్నాడు కదా, నేను కొత్తగా కల్పించిందేముంది అని నాకు నేను చెప్పుకున్నాను. మరుసటి రోజు పొద్దున ఆరింటికే కూలీలను పెట్టి ఆ చివర తవ్వించి, కట్ట పోయించాను. పశువులకు పక్కనుంచి మనిషి నడిచేంత సందు మాత్రం వదిలాను. పుస్తకంలో ఉన్న అబద్ధాన్ని అలా నిజం చేశాను. పిరికివాణ్ణని ఆ రోజే నాకు తెలిసింది.

తర్వాత నన్ను చిత్తూరు పంపారు. అక్కడ అయిదారేళ్లు చేశాను. తిరుపతికి పోవాలన్నా మద్రాసుకు పోవాలన్నా వేరే రోడ్లున్నాయి గనక ఆ రోడ్డు మొహం చూడకుండా గడిపాను. ఒకటి రెండుసార్లు తప్పక ఆ బస్సెక్కినప్పుడు కిటికీలోంచి చూశాను. అన్న ఊళ్లో ఇల్లు వదిలి ఆ కొట్టంలోనే ఉంటున్నట్టుంది. తొట్టి పక్కన కూర్చుని కనబడేవాడు. దిగుదామని లేచి, దిగకుండా మళ్లీ కూర్చునేవాణ్ణి. పెళ్లి చేసుకోలేదు. సంబంధాలు రాకపోలేదు, వదిన పట్టుదలగానే చూసింది. పక్కన ఒక మనిషి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఇది చెప్పుకోవాల్సి వస్తుందని భయం. మనసులో మాట చెప్పుకోవడానికి నాకు లోకంలో ఆయన ఒక్కడే ఉండేవాడు, చెప్పాల్సిన మాటేమో ఆయనకే చెప్పలేనిది.

ఎనభైలు సగం దాటాక మళ్లీ పుత్తూరుకే వేశారు. వచ్చిన వారానికి ఒకరోజు ఉదయం, ఇక లాభం లేదని ఆ స్టాపులో దిగాను. రోడ్డు దాటడానికే చాలాసేపు పట్టింది. మద్రాసు లారీలు ఒకదాని వెనక ఒకటి. ఇదివరకటి ఖాళీ కూడా ఇప్పుడు లేదు, వేగం మాత్రం తగ్గలేదు.

అన్న జుట్టంతా తెల్లబడిపోయింది, విరిగిన చెయ్యి వంకరగానే అతుక్కుంది. నన్ను గుర్తుపట్టాడు. "బాగుండావా అప్పా," అని మంచం వాల్చాడు. సంగటి ఉందన్నాడు. తినలేనన్నాను. కూతురు బాగుందా అని అడిగాను. నగరిలో ఉందని తెలుసు, అల్లుడు మరమగ్గాల షెడ్డులో పని చేసేవాడు.

"బాగుండాది," అన్నాడు. "ఈడికి రాదు. వాళ్లమ్మ పోయిన పదో దినం పోయింది, అంతే. నువ్వు నిద్రపోయి మాయమ్మను సంపినావు అనింది. నిజమే గదా. నేనేమీ అన్లేదు."

నగరి అక్కడికి ఎంతో దూరం లేదు. పొద్దుగూకేలోగా నడిచి పోయి రావచ్చు.

అప్పుడు చెప్పాను. తల ఎత్తకుండా, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఎద్దులు పాత దోవకు తిరిగాయని, ఆ దోవ మూయాల్సింది నేనని, మూయకుండా మూసినట్టు రాశానని, మర్నాడు పొద్దున్నే వచ్చి మూశానని. నన్ను కొడతాడని అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నేను అడిగితేనే గదా నువ్వు మూయకుండా వదిలింది," అన్నాడు ఆయన.

"అది కాదన్నా..."

"నాకెందుకు చెప్తావప్పా ఇదంతా?" అని గొంతు పెంచాడు. ఆయన నామీద గొంతు పెంచడం అదే మొదలు. "నిద్రపోయింది నేను, నాకు తెలీదా? తప్పు నీదైతే నాకేమొస్తాది, నాదైతే నాకేమొస్తాది? అది తిరిగొస్తాదా? పోయి ఆ బిడ్డకు చెప్పు. చెప్పేదుంటే ఆ బిడ్డకు చెప్పు."

మర్నాడు నగరి పోయాను. ఆమె కూడా షెడ్డులోనే పని చేస్తోంది. లోపలికి అడుగు పెట్టగానే చెవులు మూసుకుపోయాయి. ఇరవై మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే అందులో మాట వినబడాలంటే అరవాల్సిందే. అన్నేళ్లు నాలోనే నొక్కిపెట్టుకున్న మాటను నలుగురిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. "రోడ్డాఫీసు నుంచి వచ్చినా! మీ అమ్మ యాక్సిడెంటు సంగతి!" అని అరిచాను. ఆమె నా మొహం చూసి, తన మగ్గం ఆపేసి బయటికి వచ్చింది. అచ్చం వాళ్లమ్మ పోలిక.

పేరు చెప్పుకోబోతే అక్కర్లేదంది. "మీ సంతకం నాకు తెలుసు సార్. ఆ కాయితం పోలీసులు నా చేతికిచ్చినారు. నేను ఎనిమిది దాకా సదువుకున్నా. బండి తోలే మనిసి నిద్రలో ఉండి అని రాసినారు. మా నాయన నోటితో చెప్తే నమ్మలేదు నేను. బాధలో ఏదో అంటా ఉండాడులే అనుకున్నా. సర్కారు కాయితంలో సూసినాక నమ్మినా."

ఆయన బిడ్డను ఆయనకు కాకుండా చేసింది ఆ నిద్ర కాదు. నా రాత. అది ఆమె నోట వినేదాకా నాకు తెలియదు.

ఆమెకూ అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. అంతా అయ్యాక, "ఇప్పుడు మీరు నోటితో చెప్తే సరిపోతాదా సార్?" అంది. "ఆ పొద్దు రాసిచ్చినారు గదా. ఇది కూడా రాసియ్యండి."

నూలు కండెలకు చుట్టి వచ్చే కాగితం ఒకటి తెచ్చిచ్చింది. గోడకు ఆనించి రాశాను. పాత రోడ్డు మూయవలసి ఉండగా మూయలేదని, అందువల్ల ఎద్దులు పాత దారికి తిరిగాయని, ఆ బాధ్యత నాదని రాశాను. కింద సంతకం, దాని కింద నా హోదా. ఇది బయటికి పోతే నా ఉద్యోగం సంగతేమిటని ఆ క్షణంలో తట్టనైనా లేదు. చేసిన ఉద్యోగమంతటిలో రోడ్డు తప్పని నేను రాసిన కాగితం అదొక్కటే. ఆమె రెండుసార్లు చదువుకుని, మడిచి, చేతిలోనే పట్టుకుంది. లోపలికి పోయి మేస్త్రీతో ఏదో చెప్పి వచ్చింది. నాకేసి చూడకుండా బస్టాండు వైపు నడిచింది. నాదీ అదే బస్సు.

బస్సులో ఆమె ముందు సీట్లలో కూర్చుంది, నేను వెనక. తొట్టి స్టాపులో ఆమె ఒక్కతే దిగింది. నేను దిగకూడదనుకున్నాను. అక్కడ నాకేం పని? బస్సు కదిలింది. వెనకద్దంలోంచి చూస్తే ఆమె రోడ్డు ఎడమ అంచున నిలబడి ఉంది. కొట్టం అవతలి పక్క. అన్న అప్పటికే లేచి నిలబడ్డాడు, గుర్తుపట్టినట్టున్నాడు. ఆమె ఒక అడుగు ముందుకు వేసేది, లారీ వచ్చేది, వెనక్కి తగ్గేది. ఇటు నుంచి ఆగితే అటు నుంచి వచ్చేవి. వాళ్ల నాయన అవతలి నుంచి ఆగు ఆగు అని బాగున్న చెయ్యి ఊపుతున్నాడు. ఆమెకేమనిపించిందో, తల వంచుకుని వెనక్కి తిరిగి, బస్సు వచ్చిన దిక్కు చూసింది.

"ఆపప్పా! దిగాల!" అని అరిచాను. కండక్టరు విసుక్కుంటూ విజిల్ వేశాడు. బస్సు వంక దాటాక ఆగింది. దిగి, చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తాను. నేను ఆమె పక్కన ఆగలేదు. తిన్నగా రోడ్డు నడిమధ్యకు పోయి, రెండు చేతులూ చాచి నిలబడ్డాను.

బ్రేకులు కీచుమన్నాయి. మద్రాసు లారీ ఒకటి నాకు ఇంకో నాలుగు గజాల దూరం ఉందనగా ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "యోవ్, ఉనక్కెన్న పైత్తియమా?" అని కేక వేశాడు. పిచ్చే అప్పా, పిచ్చే, అన్నాను. దాని వెనక ఇంకోటి ఆగింది, అటు పక్క ఒక బస్సు ఆగింది. అందరూ హారన్లు మోగిస్తున్నారు. నేను చేతులు దించలేదు.

"పోమ్మా," అన్నాను.

ఆమె పరుగెత్తలేదు. కాగితం చేత్తో పట్టుకుని, హారన్లను లెక్కచేయకుండా, నడిచి దాటింది. కట్ట పక్కన నేను వదిలిన సందులోంచి కిందికి దిగింది. అన్న ఎదురు వచ్చాడు. ఆమె కాగితం విప్పి చదువుతుందనుకున్నాను. విప్పలేదు. నాయనా అని పిలిచినట్టుంది, నాకు వినబడలేదు. ఆయన బాగున్న చేత్తో మొహం కప్పుకున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని తీసింది.

నేను చేతులు దించాను. లారీలు కదిలాయి.